ధర పడిన ఇల్లు, పడని అప్పు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడంలోని కష్టాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన మాట మరొకటి లేదు. అయితే కట్టిన ఇంటిని నిలుపుకొనడంలోని కష్టాన్ని గురించి మాత్రం ఈ సామెత మౌనం వహించినది. ఆ సామెత పుట్టిన నాటికి ఇటుకకు, సున్నానికి, కూలికి తెచ్చిన బాకీ ఏదైనా ఉంటే అది ఊరిలోని షావుకారుకే ఉండేది. ఆ షావుకారు కూడా ఆ వీధి వాడే. పంట పోయిన ఏడు ఆయన గడపలో కూర్చుండి గడువు అడుగుకొనే వీలుండేది. ఇవ్వనూవచ్చు, ఇవ్వకపోనూవచ్చు, కాని అడుగుటకు ఒక మనిషి, ఒక గడప ఉండినవి.

ఈ విద్యాసంవత్సరంలో సామెతల పాఠం చెప్పుతున్న సందర్భంలో వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఇల్లు కట్టడం కష్టమే కావచ్చు, కాని ఇంటిమీద డబ్బు పెట్టినవాడు ఎన్నడూ నష్టపోడు గదా!" అని ప్రశ్నించినాడు. అతని అన్నగారు ప్లాట్ల వ్యాపారంలో ఉన్నారట. డిగ్రీ పూర్తి కాగానే తానూ ఆ పనిలోనికే పోదలచినాడట. తరగతిలో సగం మంది తలలూపినారు. మేము తెలుగు బోధించేవారం; అర్థశాస్త్రం మా శాస్త్రం కాదు. ఆనాడు ఏదో నాలుగు మాటలు చెప్పి పాఠంలోనికి వచ్చినాము. కాని ఆ ప్రశ్న మమ్ములను విడువలేదు. మా ఇంటి పెద్దలలో ఒకరు ఆ నమ్మకానికే బలియైనారు గనుక, కొంత చదివి, కొంత విని, ఆ విద్యార్థికి ఇప్పుడు ఇక్కడ సమాధానం చెప్పదలచుకొన్నాము.

ఇంటి ధర ఎన్నటికీ తగ్గదనే నమ్మకం మన దేశంలో పుట్టినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2006వ సంవత్సరం దాకా అది వేదవాక్యంగా చెల్లినది. దేశమంతటా ఒక్కసారిగా ఇండ్ల ధరలు పడిపోవడమనేది రెండవ ప్రపంచ యుద్ధానంతర తరాల వారు చూచి ఎరుగరు. 2003, 2004లో అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీని నూటికి 1 దాకా దించినది. చౌకగా డబ్బు దొరికినది. ఆదాయం చూపనక్కరలేదు, చేతి నుండి పెట్టుబడి పెట్టనక్కరలేదు, మొదటి రెండేండ్లు కిస్తీ స్వల్పమే అన్నారు. ఆ పై మాట చిన్న అక్షరాలలో ఉండినది. 2006 మధ్యకు ఆ ఒక్క శాతం 5.25 అయినది. స్వల్పంగా ఉండిన కిస్తీలు పెరిగినవి. కట్టలేనివారు అమ్మజూచినారు, అందరూ ఒకేసారి అమ్మజూచునప్పటికి కొనేవారు కరవైనారు. 2006 నుండి 2012 తొలి నెలల దాకా దేశం మొత్తం మీద ఇండ్ల ధరలు నాలుగవ వంతుకు పైగా పడిపోయినవి. నెవాడాలోని లాస్ వేగాస్ నగరంలో నూటికి 60కి పైగా, అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో సగానికి పైగా పడినవి.

మా పెత్తండ్రిగారి పెద్ద కుమారుని మేము భాయీజాన్ అని పిలుస్తాము. ఆయన 2001లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్ళి, ఫీనిక్స్ పరిసరాలలో స్థిరపడినారు. 2006లో, అనగా ధరలు శిఖరాన ఉన్న నెలలలోనే, 3,20,000 డాలర్లకు ఒక ఇల్లు కొన్నారు. చేతి నుండి పెట్టినది నూటికి 5 మాత్రమే. మొదటి ఐదేండ్లు వడ్డీ మాత్రమే కట్టే ఏర్పాటు. అసలు అట్లే ఉంటుంది. ఆ ఇంటి ఫోటోలు వచ్చిననాడు పెద్దమ్మ వీధిలో అందరికీ షీర్ ఖుర్మా పంచినది. పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉండేది. ఆ చెట్టును గురించి ఆమె ఫోనులో ప్రతి వారం అడుగుతూ ఉండేది.

2009 వచ్చునప్పటికి ఆ వీధిలో అట్టి ఇల్లే 1,70,000 డాలర్లకు పోయినది. భాయీజాన్ బాకీ మాత్రం 3,00,000 దాటి ఉన్నది. ఈ సంగతి తెలిసి పెద్దమ్మ అడిగిన ప్రశ్న మాకు నేటికీ జ్ఞాపకం: "ధర తగ్గితే నీకేమిరా? ఇల్లు నీదే గదా, నీవు అమ్మబోవడం లేదు గదా, తలుపు వేసుకొని ఉండరాదా?"

ఎంతో తెలివైన ప్రశ్న అది. ఆర్థిక శాస్త్రవేత్తలు గ్రంథాలు వ్రాసినది ఈ ప్రశ్నకు సమాధానంగానే అని మేము తరువాత గ్రహించినాము. ఉద్యోగం నిలిచి, ఊరు మారే పని లేక, కిస్తీ పెరగకుండా ఉన్నవానికి ధర పడినా ఏమీ కాదు. పెద్దమ్మ చెప్పినట్లు తలుపు వేసుకొని ఉండవచ్చును. అట్లు ఉండి, పదేండ్లకు మరల ధర పెరుగగా గట్టెక్కినవారు అక్కడ లక్షలాదిగా ఉన్నారు. కాని ధరలు పడిన కాలమే ఉద్యోగాలు పోయే కాలం కూడా. బ్రతుకు తెరువు కోసం మరొక ఊరికి పోవాలంటే ఇల్లు అమ్మాలి. అమ్మితే వచ్చేది లక్షా డెబ్బై వేలు, తీర్చవలసినది మూడు లక్షలు. ఉన్న ఊరిలో పని లేదు, లేచి పోదామంటే కాలికి ఇల్లు కట్టివేసి ఉన్నది. 2010 చివరకు ఇట్లు ఇంటి విలువ కంటె బాకీ ఎక్కువైన కుటుంబాలు 1 కోటి 10 లక్షలని ఒక ప్రసిద్ధ గణన. తాకట్టు ఉన్న ఇండ్లలో ఇది నాలుగవ వంతుకు దగ్గర.

అందరికంటె ముఖ్యంగా గమనింపదగినది ఇదే. సంతలో సరుకు ధర పడితే సరుకు గలవాడు నష్టపోతాడు, అది లోకరీతి. కాని అప్పు మీద కొన్న ఇల్లు ఒక వింత సరుకు. నూరు రూపాయల ఇంటిలో 95 బ్యాంకుది, 5 మనది. ధర 50కి పడితే ఆ యాభై రూపాయల నష్టం మొదట మన అయిదును మ్రింగి, ఆ పై నలభై అయిదుకు మనలను బాకీదారును చేస్తుంది. ఇంటి విలువ గాలికి పడిపోతుంది, అప్పు అంకె రాతి మీది గీతవలె నిలుస్తుంది. ఇంటి ధర పెరిగినప్పుడు పెరుగుదల అంతా మనదే గనుక, ఈ ఏర్పాటులోని కత్తికి రెండవ అంచు ఉన్నదని ఎవ్వరూ చూడరు.

భాయీజాన్ ఉద్యోగం 2009 వేసవిలో పోయినది. నాటి నిబంధనల ప్రకారం హెచ్1బి వీసా మీద ఉన్నవానికి ఉద్యోగం పోయిన దినమే ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయినట్లు. అరువది దినాల వ్యవధి నిచ్చే నియమం 2017లో గాని రాలేదు. ఇంటికి ముప్పై ఏండ్ల బంధం, దేశంలో ఉండుటకు ఒక్క దినం గడువు లేదు! ఇట్టి సంకటంలో పడిన తెలుగు కుటుంబాలు ఆనాడు అనేకం. కొందరు తాళపుచెవులు కవరులో పెట్టి బ్యాంకుకు తపాలాలో పంపి విమానమెక్కినారు. అరిజోనా చట్టం ప్రకారం మామూలు నివాసగృహం తాకట్టు వేలంలో పోయినప్పుడు మిగులు బాకీని సాధారణంగా రాబట్టరాదు గనుక అట్లు చేసినవారిని తప్పు పట్టలేము. కాని భాయీజాన్‌కు ఆ చట్టం తెలియదు. తెలిసి ఉన్నా ఆయన స్వభావం అందుకు ఒప్పుకొని ఉండదు. ఋణం ఎగవేయడమంటే ఆయనకు మరణానంతరం కూడా వెంటాడే భారం.

ఆయనను ఆదుకొన్నది ఎవరనుకొన్నారు? మూడేండ్ల క్రితం ఆ ఇంటిని ఆయనకు అంటగట్టిన ఏజెంటే. వయసు మళ్ళిన స్త్రీ. ధరలు పెరిగే రోజులలో ఆమె కూడా అద్దెల కోసం రెండు ఇండ్లు అప్పు మీద కొని, అప్పటికే రెంటినీ పోగొట్టుకొన్నది. ఆమె "షార్ట్ సేల్" అనే మార్గాన్ని చూపినది. అనగా బాకీ కంటె తక్కువకు అమ్మి, వచ్చినది పుచ్చుకొని మిగిలినది వదలుకొనవలసినదిగా బ్యాంకును ఒప్పించడం. చెప్పినంత తేలిక కాదది. బ్యాంకు వారు కాగితాలను మూడుసార్లు పోగొట్టినారు. ప్రతిసారి కొత్త గుమాస్తా, ప్రతిసారి మొదటి నుండి కథ. మధ్యలో ఇద్దరు కొనుగోలుదార్లు విసిగిపోయి తప్పుకొన్నారు. పది నెలలు పట్టినది. అప్పటికి భాయీజాన్ హైదరాబాదు చేరి, సంతకాలు కొరియరులో పంపుతున్నారు. బ్యాంకు వదలుకొన్న బాకీని ఆదాయంగా లెక్కించి పన్ను వేసే పద్ధతి ఆ దేశంలో ఉన్నది. స్వంత నివాసాల వరకు దానిని తాత్కాలికంగా నిలిపివేస్తూ 2007 డిసెంబరులో చట్టం రావడం చేత ఆ గండం కూడా గడచినది. ఆ పది నెలల శ్రమకు ఆమెకు దక్కిన కమీషను, తొలిసారి అమ్మిననాటి దానిలో సగమైనా లేదు.

ఈ కథలో ఒక విషయం మమ్ములను చాలాకాలం కలవరపెట్టినది. భాయీజాన్ అడుగుకొనుటకు గడప ఏది? మన సామెత నాటి షావుకారు ఇక్కడ లేడు. అప్పు ఇచ్చిన సంస్థ ఆ అప్పు పత్రాన్ని మరొకరికి అమ్మినది. వారు అట్టి వేలాది పత్రాలను ఒక మూటగా కట్టి, ముక్కలు చేసి, దేశదేశాల మదుపుదారులకు అమ్మినారు. కిస్తీ వసూలు చేసేవాడు వేరొకడు. వానికి గడువు ఇచ్చే అధికారం చాలదు, ఇవ్వడంలో లాభమూ లేదు. పోగా, ఎవరి వద్ద ఏ పత్రం ఉన్నదో తెలియక, చదువకుండానే దినానికి వందలాది అఫిడవిట్ల మీద సంతకాలు గీకి ఇండ్లను జప్తు చేయించిన సంగతి 2010లో బయటపడినది. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల రాజీకి వచ్చినవి. ఘనమైన మొత్తమే. కాని ఇల్లు పోగొట్టుకొని నేరుగా నష్టపరిహారం కోరుకొన్నవారికి చేతికి వచ్చిన చెక్కు 1,500 డాలర్ల లోపు.

ప్రభుత్వం చూస్తూ ఊరకున్నదని అనలేము. బ్యాంకుల కోసం 2008 అక్టోబరులో 70,000 కోట్ల డాలర్ల దాకా అనుమతించినది. ఇంటివారి కోసం అధ్యక్షుడు ఒబామా 2009 ఫిబ్రవరి 18న ఒక పథకం ప్రకటించినారు. ప్రకటించిన స్థలం కూడా ఫీనిక్స్ పక్కనే ఉన్న మేసా పట్టణంలోని ఒక ఉన్నత పాఠశాల. ముప్పై, నలభై లక్షల కుటుంబాల కిస్తీలు తగ్గించడం లక్ష్యం. 2016 చివర ఆ పథకం ముగిసేనాటికి స్థిరపడిన సవరణలు ఆ లక్ష్యంలో ఇంచుమించు సగం వద్దనే ఆగినవి. అందులోనూ ఎక్కువ భాగం వడ్డీ తగ్గించి, గడువు పొడిగించినవే. పడిపోయిన విలువకు తగినట్లు అసలును తగ్గించినవి కొద్ది. 2010 ఒక్క సంవత్సరంలోనే 28 లక్షలకు పైగా ఇండ్ల మీద జప్తు తాఖీదులు వెలువడినవి.

పథకం ప్రకటించిన మరునాడే చికాగో వర్తకశాల నుండి ఒక టెలివిజన్ వ్యాఖ్యాత, స్తోమతకు మించి ఇల్లు కొన్న పొరుగువాని కిస్తీని మేమెందుకు కట్టాలని కేకలు వేసినాడు. ఆ కేకకు దేశంలో ఎంతో మంది వంత పాడినారు. ఆశపోతులు, అనుభవించవలసినదే అన్నారు. ఈ మాటను కొట్టివేయుటకు మేము సాహసించము. ఆశ లేకపోలేదు; భాయీజాన్‌కూ ఉండినది. కాని పొరుగువాని నష్టం పొరుగువానితో ఆగినదా? జప్తయిన ఇంటి వలన ఆ వీధిలోని ప్రతి ఇంటి ధర పడినది. వదలివేసిన ఇండ్ల ఈతకొలనులలో నీరు పాచి పట్టి, 2007లో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ ప్రాంతంలో దోమల వలన వెస్ట్ నైల్ జ్వరాలు హెచ్చినవి. అప్పు చేయనివానికి కూడా జ్వరం వచ్చినది.

ఇక్కడ మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకొనదగినది ఒకటి ఉన్నది. ఆ దేశపు నల్లజాతి వారికి, స్పానిష్ మాటలాడే వారికి దశాబ్దాల పాటు ఇంటి అప్పు పుట్టలేదు. 1930 దశకంలో ప్రభుత్వ సంస్థయే పటాలు గీసి వారి పేటలకు ఎర్రరంగు పూసినది. 2000 తరువాత అదే పేటల తలుపులు తట్టి అప్పులిచ్చినారు. ఎట్టి అప్పులు? తెల్లవారికి తక్కువ వడ్డీకి దొరికినవే, అదే అర్హత గల వీరికి ఎక్కువ వడ్డీకి. ఈ ఆరోపణ మీద 2011 డిసెంబరులో కంట్రీవైడ్ అనే సంస్థ తరఫున 33.5 కోట్ల డాలర్లు, 2012 జూలైలో వెల్స్ ఫార్గో బ్యాంకు 17.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ప్రభుత్వంతో ఒప్పందాలు జరిగినవి. కంట్రీవైడ్ విషయంలో బాధితులు రెండు లక్షలకు మించినారు. మొదట తలుపు మూసినవారే తరువాత తలుపు తెరిచి అధికమూల్యం పుచ్చుకొన్నారన్న మాట. బ్యాంకు మెట్లెక్కి ఎరుగని కుటుంబాల నుండి వచ్చిన మన పిల్లలు, అప్పు దొరకడమే అనుగ్రహమని భావించి కాగితం చదువకుండా సంతకం పెట్టే స్థితిలోనే నేటికీ ఉన్నారు. అందుచేత ఈ ఉదంతం దూరదేశపు ముచ్చటగా మాకు తోచదు.

ఇక ఏజెంట్ల సంగతి. ఆ విద్యార్థి పోదలచిన వృత్తి అదే గదా. అమెరికాలో వారి జాతీయ సంఘంలో 2006 నాటికి 13 లక్షలకు పైగా సభ్యులు ఉండినారు; 2012 నాటికి ఆ సంఖ్య సుమారు 10 లక్షలకు దిగినది. వీరికి జీతం లేదు. ఇల్లు అమ్ముడైతే ధరలో నూటికి 5, 6 వంతున వచ్చే కమీషనును రెండు పక్షాల ఏజెంట్లు, వారి కార్యాలయాలు పంచుకొంటారు. అమ్ముడు కాకపోతే ఏమీ లేదు. తిరిగిన పెట్రోలు, వేయించిన ప్రకటన చేతి ఖర్చే. కేవలం కమీషను మీద బ్రతికేవారు గనుక మామూలు నిరుద్యోగ భృతి కూడా వారికి వర్తించదు. ధరలు పెరిగిన రోజులలో బడిపంతుళ్ళు, హోటలు పనివారు కూడా లైసెన్సు పుచ్చుకొని ఇందులోనికి దిగినారు. పడిన రోజులలో ముందుగా మాయమైనవారు వారే. మిగిలినవారు జప్తు ఇండ్లను బ్యాంకుల తరఫున అమ్మే పనికి దిగినారు. నిన్న తాము తాళం అందించి అభినందించిన కుటుంబాన్ని నేడు ఖాళీ చేయించడానికి, కొంత పైకం చేతిలో పెట్టి తాళం తీసుకొనుటకు పోవలసి వచ్చినది. ఇట్టి పని చేసి ఇంటికి పోయిన మనిషికి ఆ రాత్రి అన్నం ఎట్లు సహించినదో మేము ఊహించజాలము. 2012 నుండి బ్లాక్‌స్టోన్ వంటి పెట్టుబడి సంస్థలు, మొదట ఫీనిక్స్‌లోనే ఆరంభించి, చౌకగా పడి ఉన్న ఇండ్లను వేలాదిగా కొని అద్దెకిచ్చినవి. ఇల్లు పోయినవాడు అట్టి ఇంటిలోనే అద్దెకుండే విచిత్రం కూడా జరిగినది.

ఏజెంటు దోషి కాడని మేము అనము. పెరిగే ధరను చూపి తొందరపెట్టినది అతడే. కొనేవాని స్తోమత అతనికి తెలియును, కాని అమ్మకం జరిగితేనే అతనికి కూడు. ఇల్లు అమ్మిన దినాన కమీషను పూర్తిగా ముట్టుతుంది. మూడేండ్లకు ఆ ఇల్లు కొంప ముంచితే అతనికి నష్టంలో భాగం లేదు. ఈ ఏర్పాటులో మంచివాడు కూడా చెడ్డ సలహా ఇచ్చుటకు అవకాశం కలదు. ఒక మాటను ఇక్కడ గుర్తు చేయక తప్పదు. మనం తెలుగులో తిట్టుగా వాడే 'దళారి' అనే పదం అరబ్బీలోని 'దల్లాల్' నుండి ఉర్దూ ద్వారా వచ్చినది. 'దలీల్' అన్నా అదే ధాతువు. దాని మూలార్థం దారి చూపడం. దారి చూపేవాడు అనే గౌరవపదం మన నాలుకల మీద ఎట్లు పతనమైనదో ఆ వృత్తివారే ఆలోచించుకొనవలెను. ఆ అరిజోనా స్త్రీ మొదటిసారి తిట్టు అర్థంలో దళారి. రెండవసారి, చేతిలో లాభం లేని పది నెలలలో, మూలార్థంలో దల్లాల్.

నష్టాన్ని పంచుకొనే మార్గం లేకపోలేదు. 1933లో, ఇంతకు ముందటి మహా సంక్షోభంలో, అమెరికా ప్రభుత్వం గృహ యజమానుల ఋణ సంస్థ నొకదానిని స్థాపించి, మూడేండ్లలో సుమారు 10 లక్షల కుటుంబాల పాత అప్పులను తానే కొని, తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు కొత్త అప్పులుగా మార్చినది. పైన చెప్పిన ఎర్ర పటాల పాపం కూడా ఆ సంస్థదే అన్నది నిజం. అయినను 1951లో మూసివేసేనాటికి ఖజానాకు నష్టం కలిగించలేదు, స్వల్పంగా మిగిలినది కూడా. అప్పును కొనుటకు ఒక చేయి ఉండినది గనుక అది సాధ్యమైనది.

అతీఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో ప్రకటించిన 'హౌస్ ఆఫ్ డెట్' అనే గ్రంథంలో మరొక ఉపాయం చెప్పినారు. ఆ ప్రాంతపు ఇండ్ల ధరల సూచిక పడిపోతే ఆ మేరకు కిస్తీ కూడా తగ్గాలి. అందుకు బదులుగా, ఇల్లు లాభానికి అమ్మినప్పుడు ఆ లాభంలో నూటికి 5 ఋణదాతకు ముట్టాలి. లాభనష్టాలు రెంటిలో భాగం ఉన్నవాడు అప్పు ఇచ్చేటప్పుడే జాగ్రత్తపడతాడని వారి వాదం. మన ఫికహ్ గ్రంథాలలోని ముషారకా భాగస్వామ్యం ఈ న్యాయానికి దగ్గరగా ఉన్నదని మా ఉర్దూ శాఖ మిత్రులు అన్నారు. నిజమే. కాని కాగితం మీద భాగస్వామ్యమని పేరు పెట్టి, ధర పడిననాడు నష్టాన్నంతా ఇంటివాని నెత్తినే వేస్తే పేరు మార్చిన ఫలమేమి? పేరును గాక పడిన ధర ఎవరి పద్దులో పడుతున్నదో చూడవలెనని మా మనవి.

మన దేశానికి ఆ ఉపద్రవం అంత తీవ్రంగా తగలకపోవడానికి ఒక కారణం, నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు, అవిభక్త కడప జిల్లాలో జన్మించిన డాక్టర్ యాగా వేణుగోపాలరెడ్డిగారు. 2004 చివరి నుండి 2006 వరకు గృహఋణాల మీద, వాణిజ్య భవనాల ఋణాల మీద బ్యాంకులు తమ స్వంత మూలధనం మరింతగా ఉంచవలసినట్లు ఆయన దశలవారీగా నిబంధనలు బిగించినారు. ఆనాడు ఆయనను ఛాందసుడన్నవారు లేకపోలేదు.

అట్లని మనకు భయం లేదనరాదు. ఒక విషయంలో మన స్థితి అరిజోనా వాని కంటె కఠినం. కిస్తీలు మూడు నెలలకు మించి బకాయి పడితే 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద 60 దినాల తాఖీదు ఇచ్చి, న్యాయస్థానానికి పోకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనపరచుకొనవచ్చును. వేలంలో వచ్చినది చాలకపోతే మిగులు బాకీకి మరల మన మీదికే రావచ్చును. ఇల్లు పోయినా అప్పు పోదు. ఇక ధర పడడాన్ని చూడాలంటే అమెరికా దాకా పోనక్కరలేదు. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వెలువడిన తరువాత తుళ్ళూరు, మంగళగిరి దారులలో ఏమి జరిగినదో తెలియనివారు లేరు. రంగురంగుల బోర్డులు దించివేసి, కుర్చీలు ఆటోలలో వేసుకొని పోయిన కుర్రవారిలో మా పూర్వవిద్యార్థులు ఇద్దరున్నారు. వారిలో ఒకడు బంధువులందరి చేతా ప్లాట్లు కొనిపించినాడు. చాలాకాలం పెండ్లిండ్లకు కూడా రాలేకపోయినాడు. తరువాత ప్రభుత్వాలు మారినవి, ధరలూ మారినవి. కాని మధ్యలో కిస్తీ కట్టలేక సగానికి తెగనమ్ముకొన్న బంధువుకు ఆ మార్పు వలన ఒరిగినదేమీ లేదు.

కాబట్టి ఆ విద్యార్థికి మా సమాధానం: నాయనా, ధర తగ్గును. తగ్గిననాడు ఉండగలవా లేవా అన్నది ధర మీద గాక నీ అప్పు మీద, నీ ఉద్యోగం మీద ఆధారపడును. ఏజెంటు వృత్తిలోనికి పోదలచితే తప్పక పొమ్ము. అయితే 2016 నాటి రెరా చట్టం ప్రకారం ముందుగా నమోదు చేయించుకొనుము. ఆ చట్టంలోని 9వ సెక్షను నమోదును తప్పనిసరి చేసినది. 10వ సెక్షను, లేని సౌకర్యాలను ఉన్నట్లు చెప్పడాన్ని, నమోదు కాని వెంచరును అమ్మడాన్ని నిషేధించినది. తప్పినవానికి దినానికి 10,000 రూపాయల వంతున జరిమానా కలదు. కమీషను పుచ్చుకొనే ముందు కొనేవాని ఆదాయంలో కిస్తీ ఎంత భాగమో కాగితం మీద వేసి అతనికి చూపుము. అమ్మకం పోవచ్చును.

కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక విన్నపం. 2024 అక్టోబరు 1 నుండి వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త ఋణానికి బ్యాంకులు ముఖ్యాంశాల పత్రాన్ని, ఋణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. అసలు వడ్డీ, ఖర్చులు కలిపిన నిజమైన వార్షిక వడ్డీ, కిస్తీల పట్టిక, జరిమానాలు అన్నీ అందులో ఉండాలి. తెలుగులోను, ఉర్దూలోను దానిని అడిగి తీసుకొనే హక్కు మన తల్లిదండ్రులకున్నది. అడిగేవారు లేరు. వాణిజ్యశాఖ, తెలుగుశాఖ, ఉర్దూశాఖ కలిసి వారానికి ఒక గంట, శనివారం మధ్యాహ్నం, అట్టి పత్రాలను విద్యార్థుల చేత చదివించే ఏర్పాటు చేస్తే దానికి కావలసినది ఒక గది, ఒక నల్లబల్ల. పాఠం చెప్పుటకు మేము సిద్ధంగా ఉన్నాము. భాయీజాన్ ఇప్పుడు హైదరాబాదులో అద్దె ఇంటిలో ఉన్నారు. పిలిస్తే మొదటి తరగతికి తన పాత అరిజోనా ఋణపత్రాన్ని తెచ్చి, ఆ చిన్న అక్షరాలను తానే చదివి వినిపిస్తామని మాట ఇచ్చినారు.